ట్రాక్టర్ తోలిన కాలు

మా తమ్ముడు బండి తోలడం నేర్చుకున్నది రొయ్యల గుంటల గట్ల మీద, ట్రాక్టర్‌తో. బురదలో చక్రం దిగబడితే ఏం చేయాలో వాడికి బాగా తెలుసు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ట్రాక్టర్ గుర్రుమని, బురద చిమ్మి, బయటికొస్తుంది. ఏళ్ల తరబడి వాడి కుడికాలికి అదొక్కటే చదువు.

రొయ్యకు వరసగా మంచి ధర పలికింది. వాడు చెన్నై వెళ్లి, ఎవరో కొన్నాళ్లు వాడుకుని అమ్మేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు. అందులో కూర్చోవడమంటే నేల మీద చాప వేసుకుని కూర్చోవడమే. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా ఇంట్లో కొత్త బండి వస్తే మొదటి సవారీ ఆడపడుచుది. ఆ ఆడపడుచును నేనే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్న సామెత నోటిదాకా వచ్చినా మింగేసి, చీర సర్దుకుని ఎక్కాను. నెలలు నిండుతున్న మా మరదలు గుమ్మంలో నిలబడి, “వదినా, నువ్వు పక్కనుంటే నిదానంగా పోతాడు,” అంది. వాణ్ణి క్షేమంగా తిరిగి తీసుకురావడం నా బాధ్యతని ఆ మాటకు అర్థం.

తోటపల్లి గూడూరు దాటేదాకా బాగానే ఉన్నాడు. మైపాడు వైపు రోడ్డు ఖాళీగా కనపడేసరికి వాడి కాలికి దురద పుట్టింది.

“నిదానంగా పోరా.”

“ఏం గాదులేక్కా. నేను తోలని బండా?”

ఆ బండి కాలు ఆనితే చాలు ఉరికేది. దాన్ని నెట్టేవి వెనక చక్రాలు, జారిందంటే పట్టు దొరకదు. ఆ సంగతి అమ్మినతను చెప్పే ఉంటాడు, వీడు తలూపే ఉంటాడు. తలకు ఎక్కినంత తేలిగ్గా కాలికి ఎక్కదు.

కోతల కాలం. మా వైపు ఎప్పుడూ ఉన్నదే, రోడ్డుకు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా బస్సు వస్తుంటే వీడు వడ్ల మీదికి దించాడు. కారు వెనక భాగం పక్కకు జారింది. కాలు తీయాల్సిన చోట వాడు తొక్కాడు. వాడి కాలు బురదే అనుకుంది. కారు గిర్రున తిరిగి, మేం వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

దుమ్ము తగ్గాక, రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద నుంచి ఒకావిడ నీళ్ల సీసాతో లేచి వచ్చింది. చెప్పులు విడిచి వడ్లు కాళ్లతో తిరగేస్తూ, దాహమై అప్పుడే నీడకు వెళ్లిందట. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కారు కిందికి వంగి చూసింది.

“అన్నా, నా చెప్పులు దీని కింద ఉండాయి. కాస్త తీసియ్యి.”

వాడు వడ్ల మీద బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. వాణ్ణి అలా చూసి నాకు కోపం పోయి ఏడుపొచ్చింది. ఒక చెప్పు వచ్చింది. రెండోది వెనక చక్రం కింద ఉంది, పొద్దున మేం నిమ్మకాయ పెట్టిన చోట.

“బండి కాస్త ముందుకు తియ్యన్నా,” అందామె.

వాడు తలుపు తీశాడు గానీ సీట్లో కూర్చోలేదు. గేరు తీసి, వెనక్కి వెళ్లి, రెండు చేతులూ ఆనించి నెట్టాడు. నేనూ పట్టాను. మా వల్ల కాకపోతే ఆమె కూడా వచ్చి చెయ్యి వేసింది. కారు జానెడు కదిలింది. ఆమె ఆ చెప్పు దులిపి, రెండూ కాళ్లకు తొడుక్కునేదాకా మా తమ్ముడు తలెత్తలేదు.