హార్మోనియానికి మూడో చెయ్యి

ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో మా సెక్టర్ 6 క్వార్టర్‌లోకి కేబుల్ వచ్చిన ఏడాదే నేను కాలేజీలో చేరాను. కాలేజీ పిల్ల కార్టూన్లు చూస్తోందంటే నవ్వుతారని, సాయంత్రం టీవీ పెట్టే పని చెల్లెలికి అప్పజెప్పేదాన్ని. "అక్కా, షురూ అయిపోయింది," అని అది బడిలో పట్టుకొచ్చిన హిందీ కలిపి కేకేసేది. నేను చేతిలో పుస్తకంతో ఏదో అటుగా వెళ్తున్నట్టు వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి మొత్తం చూసేదాన్ని.

అవి చాలా పాత అమెరికా కార్టూన్లు. మాటలు తక్కువ. పళ్ళేల దొంతర మోసుకుంటూ ఒక ఎలుగుబంటి మెట్లు దిగుతుంటే వెనక పియానో మోగేది. ఎడమచెయ్యి డ్యూటీకెళ్ళే మనిషి సైకిలు తొక్కినట్టు ఒకే లెక్కన ధుం-చక్, ధుం-చక్ అని సాగిపోతుంది. కుడిచెయ్యి మాత్రం లెక్కకు కాస్త ముందో వెనకో పడుతూ, తూలుతూ, నిలదొక్కుకుంటూ ఉంటుంది. మెట్లు ఎడమచేతివి, ఎలుగుబంటి జారేది కుడిచేతి మీద. ఆ ధోరణిని రాగ్‌టైమ్ అంటారని చాలాకాలం తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను. అప్పటికి మాత్రం డైరీలో 'జారుడు పాట' అని రాసుకున్నాను.

అమ్మ భజనల కోసం కొన్న హార్మోనియం ఇంట్లో ఉండేది. శుక్రవారం మా బ్లాకు ఆడవాళ్ళు చేరితే వాయించేది నేనే. వాయించేటప్పుడు తల ఎత్తక్కర్లేదు కాబట్టి ఆ పని నాకు ఇష్టం. ఎవరూ లేనప్పుడు జారుడు పాటని వెతుక్కునేదాన్ని. కుడిచేతికి దొరికింది కానీ, అందులో నవ్వు రాలేదు. ఎందుకో తెలియలేదు.

ఒక శుక్రవారం, హారతికి ముందు పాటలో నా వేళ్ళు నన్నడక్కుండా అర తాళం ముందుకు దూకాయి. తాళాలు వేసే పిన్నిగారు ఆగిపోయారు. చప్పట్లు చెల్లాచెదురయ్యాయి. ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సెక్టర్ 4 నుంచి వచ్చే పెద్దావిడ వెళ్ళబోతూ, "మీ హార్మోనియానికి పెళ్ళి బ్యాండులో డ్యూటీ ఏసినారేటి?" అంది.

అమ్మ నవ్వలేదు. అందరూ వెళ్ళాక, "కాలేజీలో సేరినాక నీకు దేవుడి పాట బరువైపోనాదిలే. ఆ పెద్దావిడ ఎప్పట్నుంచో ఈ హార్మోనియం పెట్టె అడుగుతున్నారు. ఆదివారం పట్టుకెళ్ళమని సెప్పేస్తాను," అంది.

ఇంట్లో నేను చేసే చప్పుడల్లా ఆ పెట్టెదే. అది పోతే నేనున్నట్టు కూడా ఎవరికీ తెలియదేమో అనిపించింది.

శనివారం సాయంత్రం చెల్లెలు ఊరుకోలేదు. "అమ్మా, అక్క తప్పు వాయించలేదు. టీవీలోది వచ్చేసింది, అంతే. దేఖో నా," అని అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది. అమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో కూర్చుని, ఈనెలు తీస్తూ చూసింది. ఎలుగుబంటి జారింది. అమ్మ ముఖం మారలేదు గానీ, ఆమె బొటనవేలు నేలమీద ధుం-చక్ కొట్టడం నేను చూశాను.

"ఇదేటే నువ్వు వాయించింది?"

"ఊఁ."

"మరి కింద నడిసేదేదీ? నువ్వు పైన గెంతేదే వాయించినావు. నడక లేకుండా గెంతితే అది గెంతని ఎవరికి తెలుస్తాది?"

"ఎడంచెయ్యి గాలి కొట్టడానికే సరిపోతోందమ్మా."

అమ్మ పళ్ళేన్ని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని, హార్మోనియానికి అవతలి పక్క నా ఎదురుగా కూర్చుంది. "కానీ. గాలి నాను కొడతాను."

మొదట భజన వేగంలోనే కొట్టింది. మా ఎలుగుబంటికి నిద్ర ముంచుకొచ్చినట్టుంది. నేను వేగం పెంచితే గాలి చాలక, స్వరం ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. చెల్లెలు నేలమీద పడి దొర్లింది.

"నవ్వింది సాలు, సిక్కుళ్ళు తియ్యి," అంటూనే అమ్మ వేగం అందుకుంది. నా ఎడమచెయ్యి నడిచింది. కుడిచెయ్యి జారింది. ఇన్నాళ్ళూ రాని నవ్వు పాటలోకి వచ్చేసింది. తల ఎత్తితే ఎదురుగా అమ్మ ముఖం. పెదవులు బిగించి, చెమటలు కక్కుతూ, మధ్యలో ఆపొద్దన్నట్టు నావైపే చూస్తోంది. నేను కళ్ళు దించుకోలేదు.

ఆదివారం పెద్దావిడ భర్త స్కూటరు మీద, పెట్టె కట్టుకోవడానికి తాడుతో సహా వచ్చారు. అమ్మ టీ ఇచ్చింది.

"ఏదమ్మా పెట్టె?"

"ఇప్పుడు కాదన్నయ్యా. దాంతో ఇంకా పనుంది."

"భజనకేనా?"

అమ్మ ఖాళీ కప్పు అందుకుంది. "శుక్రవారం భజనకే. మిగతా రోజులు, మా అమ్మాయీ నానూ కలిసి వాయిస్తన్నాం," అంది.

"నువ్వు వాయిస్తావా?" అన్నారాయన.

"గాలి నాదే," అంది అమ్మ.