తడి పలక

మార్కాపురంలో ఇరవై రెండేళ్లు పలకల పనికి పోయాను. అన్నేళ్లలో ఒక్క పలక మీదా అక్షరం రాయలేదు, రాయడం రాదు కాబట్టి. నా పని తట్టి చూడటం. కోసి, సానపట్టిన రాళ్లు నా ముందుకొచ్చేవి. ఒక్కోదాన్ని ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు, పక్కన పారేయాలి. నా చెవి తప్పదని మేస్త్రీ అందరి ముందూ అనేవాడు. ఆ మాట నా తలకెక్కింది.

ఇంట్లోనూ అదే అలవాటైంది. కడవలు, టెంకాయలు సరే, మనుషుల్ని కూడా ఒక మాట అడిగి, జవాబు తీరు విని, పనికొస్తారో రారో తేల్చేసేదాన్ని. "తల జాగ్రత్తరా, మీ వదిన తట్టి చూస్తాది" అని మా ఆయన తన తమ్ముడితో ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నా కూతురికి ఆరో తరగతిలో టైఫాయిడ్ వచ్చింది. నెలన్నర మంచం దిగలేదు. జుట్టంతా రాలిపోయింది. మళ్లీ బడికి పోయిన వారానికే సారు కబురు పెట్టాడు, పిల్ల వెనకబడింది, కొంచెం ఓపిక పట్టండి అని. ఓపిక అన్న మాట నాకు వినబడలేదు. ఆ సాయంత్రం పాపను గడప దగ్గర కూర్చోబెట్టి ఏడో ఎక్కం చెప్పమన్నాను. నాకు ఎక్కాలు రావు. తడబడుతుందో లేదో వింటే చాలనుకున్నాను.

"ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పద్నాలుగు, ఏడు మూళ్లు..."

అక్కడే ఆగిపోయింది. ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటూ నా ముఖంలోకి చూసింది.

"దీనికి చదువు అంటదు. రేపట్నించి నాతో పనికొస్తాది" అన్నాను.

"ఏందే, ఒక్క ఎక్కానికేనా? జరం తగ్గి పది దినాలు కాలా" అన్నాడు మా ఆయన.

"నాకు చెప్పొద్దు. ఒక్కసారి వింటే తెలుస్తాది నాకు."

మర్నాడు నా పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాను. మొదట చెప్పింది, నాకు ఒక అవ్వ నేర్పిన సంగతే. తడి రాయిని తట్టకూడదు. నీళ్లు పోసి కోసిన రాయి ఎంత మంచిదైనా తడి మీద మొద్దుగానే పలుకుతుంది. ఎండకు పెట్టి, ఆరినాక వినాలి. తొందరపడితే మంచి పలకను పారేస్తాం. పాప తలూపి, తడివి ఏరి ఎండలో పేర్చింది. నా నోటితో నేనే చెప్పాను, అయినా నాకేమీ అనిపించలేదు.

ఇప్పుడు పాపకు గిద్దలూరులో సంసారం. ఆడవాళ్లకు మా వీధిలో సాయంత్రం చదువు చెబుతుంటే పోయిన ఏడాది నేనూ చేరాను. ఒకరోజు అందరి ముందూ చదవమంటే ఒక అక్షరం దగ్గర ఆగిపోయాను. పెదాలు నాలుకతో తడుపుకున్నాను. ఏడు మూళ్లు గుర్తొచ్చింది. ఆ తర్వాత పదిరోజులు చదువుకు పోలేదు.

మొన్న కూతురు పొద్దుటి రైలుకు వచ్చి, నా నోటు పుస్తకం తీసి ముందు పెట్టి, అక్షరం రాయమంది.

"అట్ల కాదుమా. ఈ చివర లోపలికి తిప్పు."

తిప్పాను. తప్పింది.

"రాదులేవే, ముసలి బుర్ర."

"నాకేం రైలు తప్పిపోతాందా? సాయంత్రం దాకా ఉంటా గదా. రాయి."

నాలుగోసారికి వచ్చింది. అప్పుడు తల ఎత్తకుండా అన్నాను.

"పాపా, నిన్ను నేను తడి మీద తట్టినానే."



"తెలుసుమా."

"ఎప్పట్నించి?"

"తడి రాయి సంగతి నువ్వు చెప్పిన దినమే. పలకలు ఎండకు పెట్టేటప్పుడు అనుకున్నా, అమ్మకు గుర్తొస్తాది, మళ్లీ అడుగుతాది అని. ఏడో ఎక్కం నేర్చి పెట్టుకున్నా."

"మరి చెప్పలేదేందే?"

"నువ్వు అడుగుతావని చూసినా. మళ్లా ఏడాది బడి తెరిచినాక ఇంక చూడలా" అని చిన్నగా నవ్వింది.

ఆ ఎక్కం ఇప్పుడు చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. అది పుస్తకం దగ్గరికి లాక్కుని, పై గీత మీద తర్వాతి అక్షరం రాసి నా వైపు తిప్పింది. నేను దాని కింద రాయడం మొదలుపెట్టాను.