పాత కార్డులు తెరిచే ప్లగిన్

నేను రాసిన ప్లగిన్ గొప్పదేమీ కాదు. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు ఇప్పటి కంప్యూటర్లలో పిచ్చి గీతల్లా కనబడుతుంది. కంప్యూటర్‌లో టైపు చేసుకునే ఎడిటర్‌కు నా ప్లగిన్ తగిలిస్తే అదే ఫైలు మామూలు తెలుగులో తెరుచుకుంటుంది. కొత్త కీబోర్డు, అచ్చుతప్పులు పట్టడం లాంటివి తర్వాత చేర్చాను. అవి బుద్ధిగా నడుస్తాయి. ఎడిటర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మొరాయించేది ఆ పాత ఫాంట్ల భాగమే. జగిత్యాలలో సెలవు రోజంతా దానికి అతుకులు వేసి, పరీక్షకని నా పెళ్లి కార్డు ఫైలు తెరిచి చూసుకునేదాన్ని. విసుగొచ్చి, ఇక ఆ భాగం తీసేద్దామనుకున్నాను.

వాడేవాళ్లకు ముందు చెప్పాలి కదా. కోరుట్లలో ప్రింటింగ్ షాపు నడిపే స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"మేమెప్పుడో కొత్త ఫాంట్లకు మారినం. నువ్వింకా గదే పట్టుకొని ఉన్నవా?" అని నవ్వింది.

ఇక మిగిలింది సిరిసిల్లలో మా మేనమామ. అసలు ప్లగిన్ రాసిందే ఆయన పోరు పడలేక. మామ పెళ్లి కార్డులు వేస్తాడు. ఏ ఇంటి కార్డూ కొత్తగా కొట్టడు. ఆ ఇంట్లో అంతకుముందు జరిగిన పెళ్లి కార్డు తెరిచి పేర్లు మారుస్తాడు. బద్ధకం కాదు. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్నది ఆ ఇంటివాళ్లు అప్పుడే కొట్లాడి తేల్చుకుని ఉంటారు. ఆ వరుస చెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. తన పేరు కిందికి పోయిందని మా చిన్నాయన ఒకరు పెళ్లికొచ్చి అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు.

అందుకని నేనే సిరిసిల్ల వెళ్లి, మామ పాత కార్డులన్నీ కొత్త ఫాంట్‌లోకి మార్చేసి, ఆ తర్వాతే తీసేయాలని తేల్చుకున్నాను. తమ్ముడి పెళ్లి కార్డు పని కూడా ఉంది. అమ్మ పోయి ఏడాది తిరగకముందే పెళ్లి చేయాలన్నారు పెద్దలు. ఎవరేమన్నా తలూపాను. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను ఏదీ తాకడం లేదు.

సిరిసిల్ల వెళ్లిన రోజు మధ్యాహ్నానికి అన్ని కార్డులూ మార్చాను. మా ఇంటిది మాత్రం తనే చేస్తానన్నాడు మామ. మా ఇంట్లో అంతకుముందు పెళ్లి నాదే. తన దగ్గరున్న నా కార్డు తెరిచి, కొత్త ఫాంట్‌లోకి మార్చి, నా పేరున్న చోట తమ్ముడి పేరు, మా ఆయన పేరున్న చోట కాబోయే మరదలి పేరు పెట్టాడు. కింద ఆహ్వానించేవాళ్లలో అమ్మ పేరు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. 'శ్రీమతి' తీసి 'కీ.శే.' పెట్టాలి. ఎందరి పేర్ల ముందో పెట్టిన మనిషి, చెల్లెలి పేరు ముందు పెట్టలేకపోయాడు.

"నాతోని గాదు బిడ్డా. నువ్వే కొట్టు."

కొట్టాను. ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు. చుక్కలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నాను. మామ కళ్లు తుడుచుకుని సేవ్ నొక్కాడు.

"నా పెళ్లి కార్డు ఏడ దాచినవ్ మామా?"

"ఇదే గద బిడ్డా. దీని మీదనే మార్చిన. ఎప్పుడు గట్లనే జేస్త. వరుసైతే చెడలే."

అమ్మ ఉన్న కార్డు మీదే అమ్మ లేని కార్డు వచ్చి కూర్చుంది. సరే అన్నాను. టీ తాగి బస్సెక్కాను.

మర్నాడు జగిత్యాలలో పాత ఫాంట్ల భాగం తీసేశాను. ప్లగిన్ తేలికగా నడిచింది. అలవాటు కొద్దీ నా దగ్గరున్న పరీక్ష ఫైలు తెరిచాను. నా పెళ్లి కార్డు నిండా పిచ్చి గీతలు. కిందికి వెళ్లి అమ్మ పేరు కోసం వెతికాను. ఏ వరుస అమ్మదో గుర్తుపట్టలేకపోయాను. అప్పుడొచ్చింది ఏడుపు. ఇంట్లోవాళ్లు వచ్చి ఏమైందని అడిగేదాకా ఏడ్చాను.

తీసేసిన భాగం తిరిగి పెట్టాను. ఆ ఒక్క ఫైలునూ కొత్త ఫాంట్‌లోకి మార్చుకుంటే సరిపోతుందని నాకూ తెలుసు. దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. మామకు ఇప్పుడా భాగంతో పని లేదు. వాడేది నేనొక్కదాన్నే.