కొబ్బరికాయకి అరపూట సెలవు

బందరు ఇళ్ల నిర్మాణ కార్యాలయంలో అటెండరు హనీఫ్‌ది ఒకటే దెబ్బ. కాయ రాయికి తగిలిందంటే సరిగ్గా రెండు చిప్పలు కావలసిందే. ఎప్పుడో పమిడిముక్కల దగ్గర ఒక కల్వర్టుకి పూజారి రాకపోతే హనీఫ్ కొట్టాడు. ఆ కల్వర్టు వరదకి కూడా చెక్కుచెదరలేదు. అప్పట్నుంచి హనీఫ్ కాయ కొట్టందే తాపీమేస్త్రీలు పార ముట్టుకోరు. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, పాపం, శంకుస్థాపనలకి పెద్దదిక్కయి కూర్చున్నాడు.

డెబ్బై ఎనిమిదిలో కొత్త ఇంజనీరు దైవాధీనం గారు వచ్చారు. పేరుకి దైవాధీనమే గానీ, ఆయన నమ్మింది రూల్సు పుస్తకాన్ని. రాజ్యాంగ పీఠికని, కొత్తగా చేరిన 'లౌకిక' అన్న మాటతో సహా, అద్దం కట్టించి, కుర్చీ వెనక తగిలించుకున్నారు.

"ఈ దేశాన్ని స్థాపించింది దేవుడు కాదు హనీఫ్, ప్రజలు. మొదటి వాక్యమే అది. డ్యూటీలో ఉన్నవాడు కాయ కొట్టకూడదు. అరపూట సెలవు పెట్టి, సొంత మనిషిగా కొట్టు."

ఉప్పెన తుడిచిపెట్టిన దివిసీమలో ఆ ఏడు ఊరూరా కాలనీలే. శంకుస్థాపన మీద శంకుస్థాపన. ఆగస్టు తిరక్కుండానే హనీఫ్ పదిహేను రోజుల సెలవులూ కాయల కింద కరిగిపోయాయి. మిగతా సెలవులు తుపాను పనుల పేరిట ఎప్పుడో రద్దయ్యాయి.

సెప్టెంబరులో ఒక్కగానొక్క కూతురు మహమూదా నిఖా. తల్లి లేని పిల్ల. ఆ ఒక్క రోజుకి అర్జీ పెడితే దైవాధీనం గారి రాతతో తిరిగొచ్చింది: "హిందూ పూజల నిమిత్తం సెలవులన్నీ వాడుకున్నందున, ముస్లిం వివాహానికి మంజూరు చేయుట కుదరదు." నవ్వాలో ఏడవాలో తెలియని సంగతే గానీ, హనీఫ్ ఏడ్చాడు.

నిఖా రోజు పొద్దున్నే నాగాయలంకలో శంకుస్థాపన పడింది. కాంట్రాక్టరు కోటయ్య కాయ అందించాడు. హనీఫ్ చెయ్యి చాపలేదు.

"నాకు సెలవు లేదండీ. డ్యూటీలో ఉన్నాను."

"ఒక్క దెబ్బేగా బావా."

"ఇప్పుడు నేను ప్రభుత్వాన్నండీ. ప్రభుత్వం కాయ కొట్టదు."

మేస్త్రీలు పారలు పక్కన పెట్టి చుట్టలు ముట్టించారు. ఎండెక్కింది. చివరికి ఇంజనీరు గారే తన పేర అరపూట సెలవు రాసుకుని, తానే మంజూరు చేసుకుని, కాయ ఎత్తారు. మూడు దెబ్బలకీ పగల్లేదు. నాలుగోసారి చేతిలోంచి జారి బురదలో పడింది. మేస్త్రీలు తలలు అడ్డంగా ఊపారు.

దైవాధీనం గారు చేతులు తుడుచుకుంటూ హనీఫ్ మొహం చూశారు. చాలాసేపే చూశారు. ఉప్పెనకి ఆ చుట్టుపక్కల కొబ్బరిచెట్టన్నది మిగల్లేదు. సెలవులో ఉన్నవాడి సంతకం చెల్లదు కనుక, ముందు తన సెలవు రద్దు చేసుకుని, ఆపైన ఇంకో కాగితం రాశారు. మంచి కాయ తెచ్చుటకు హనీఫ్‌ను డ్యూటీపై బందరు పంపడమైనది.

"ప్రభుత్వం కొట్టకూడదు గానీ, కొనకూడదని ఎక్కడా లేదు. తొందరేం లేదు, రేపు తెచ్చినా చాలు," అన్నారు ఎటో చూస్తూ.

హనీఫ్ బందరులో బస్సు దిగి పరుగున ఇల్లు చేరేసరికి, నిఖా కాగితంలో పిల్ల తరఫు పెద్దగా తండ్రి బదులు మేనమామ ఇమామ్ సాహెబ్ పేరు రాయబోతున్నారు ఖాజీ గారు.

"ఆగండి, వచ్చాను."

తెర వెనక నుంచి మహమూదా గొంతు వినిపించింది. "సెలవు దొరికిందా అబ్బాజాన్?"

"లేదు తల్లీ. డ్యూటీలోనే ఉన్నాను," అన్నాడు హనీఫ్, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడుస్తూ.