స్తంభం మీద జిప్పులక్క

బస్టాపు పక్క చిన్న కొట్టులో జిప్పులు మార్చే ఆవిడను అందరూ జిప్పులక్క అంటారు. ఎంత మొండి జిప్పయినా ఆవిడ చేతిలో పడితే దారికి రావలసిందే. ఒక్క తోలుసంచి జిప్పు మాత్రం రానంటే రానంది. పంటితో పట్టి లాగితే సంచి తెరుచుకుంది గానీ, ముందుపన్ను ఊడి అందులోనే పడింది. అప్పటినుంచీ నవ్వొస్తే చాలు, అరచేత్తో నోరు మూసేసుకుంటుంది.

అలాంటి మనిషికి మొగుడు చేసిన నిర్వాకం చూడండి! ఆయన గోడల మీద బొమ్మలు వేసే ఆర్టిస్టు. ఫ్లైఓవర్ స్తంభాల మీద మామూలు మనుషుల బొమ్మలు వెయ్యమని నగరపాలక సంస్థవాళ్లు పురమాయిస్తే, పరదా కట్టుకుని మరీ, సరిగ్గా కొట్టు ఎదుటి స్తంభం మీద పెళ్లాన్నే వేశాడు. నిలువెత్తు మొహం, పక్కుమని నవ్వుతూ. పన్నూడిన సందు కిటికీ అంత!

పరదా తీసేసరికి ఆవిడ కొట్టులోంచి పరుగున వచ్చింది.

"మీకేమైనా బుద్ధుందా? ఇన్నేళ్లుగా దాచుకున్నదాన్ని నడివీధిలో పెడతారా?"

"బాగుందనే వేశానే."

"ఏం బాగు నా మొహం! కండక్టరు అప్పుడే 'నవ్వులక్క స్టాపు, దిగండి' అంటున్నాడు. ఆ నోటికి చెయ్యి అడ్డం వేస్తారా, నన్నే సున్నం కొట్టెయ్యమంటారా?"

ఆ రోజంతా ఆవిడ మిషను మీంచి తలెత్తలేదు. అది చూడలేక మర్నాడు పాపం ఆయనే రంగుడబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. కింద ఆవిడ రెండు చేతులా పట్టుకుంది.

"ఏమే, చెయ్యి ఎలా పెట్టుకుంటావో ఒకసారి చూపించు."

"వదిలితే మీరు పడరూ?"

"పోనీ ఇలాగేనా?" అంటూ ఆయనే తన నోరు మూసుకుని చూపించాడు. చేతికున్న గోధుమరంగంతా మీసాలకూ ముక్కుకూ పూసుకుపోయింది.

"అక్కా, బావ తన మూతికే వేసుకున్నాడు బొమ్మ!" అని పక్క టీకొట్టు కుర్రాడు కేకేశాడు.

జిప్పులక్కకు నవ్వు ముంచుకొచ్చింది. మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు, వదిలితే మొగుడు నేల మీదుంటాడు. ఇక ఆపుకోలేక, నోరంతా తెరిచి, నిచ్చెన ఊగిపోయేటట్టు నవ్వింది. బస్టాపులో జనం ఆవిడనోసారి, స్తంభాన్నోసారి చూసి తామూ నవ్వేశారు. ఎవరికీ పన్ను ధ్యాసే లేదు.

"చూశావా! నేను వేసింది ఇదేనే!" అన్నాడాయన పైనుంచి, ఆ మీసాలతోనే.

ఆవిడ తల వెనక్కి వాల్చి బొమ్మను మొదటిసారి నింపాదిగా చూసుకుంది.

"సర్లెండి, నోటి జోలికి పోకండి. నెత్తిమీద ఆ తెల్లవెంట్రుకలు మాత్రం చెరిపి దిగండి. నేనంత ముసలిదాన్నా?"

"అవి నేను వేసినవి కావే, పావురాల పని!"