కోచ్ అనే గడిలో పేరు

బిక్షపతి గారి గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. నాచారంలో మా కాలనీలో ఆయన దగ్గరికి పిల్లల్ని పంపిన ఇళ్లు పద్నాలుగు ఉన్నాయి. మిగతా పదమూడు ఇళ్లవాళ్లు ఏమీ జరగనట్టే బండి దగ్గర టమాటాలు బేరమాడుకుంటున్నారు. నేనూ ఆడుతున్నాననుకోండి, కాకపోతే నాకు నిద్ర పట్టడం లేదు.

ఆయనది జనగామ దగ్గర పల్లె. బాస్కెట్‌బాల్ బాగా ఆడతాడని ఇక్కడి ఫ్యాక్టరీ ఒకటి పిలిచి ఉద్యోగమిచ్చింది. అప్పట్లో ఫ్యాక్టరీలకు సొంత జట్లుండేవి. కొన్నేళ్లకు జట్టు ఎత్తేసి ఆయన్ను మెషిన్ మీద వేశారు. అందరూ రాత్రి షిఫ్టు తప్పించుకోవాలని చూస్తే ఈయన అడిగి మరీ వేయించుకున్నాడు, పొద్దున పూట పిల్లలకు దొరకాలని. ఆరింటికి షిఫ్టు దిగితే ఆరుంబావుకల్లా మా పార్కు పక్కనున్న సిమెంటు కోర్టులో ఉండేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. గొంతు మాత్రం రెండు వీధులకు వినిపించేది.

మా ప్రజ్ఞ పదో ఏట చేరింది. రెండు నెలలపాటు బంతిని బుట్టలో వేయనివ్వలేదు. మోకాళ్లు వంచి, చేతులు చాచి, అటూ ఇటూ జరగడమే పని. ఇదేం ఆటండీ అని నేను విసుక్కుంటే, "ముందుగాల కాళ్లు నేర్సుకోవాలె మేడం. చేతులు వాటంతటయే నేర్సుకుంటయ్" అన్నాడు.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. ఒక పిల్లను, ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి బంతి వేసే ఫ్రీ త్రో గీత మీద నిలబెట్టి, మిగతావాళ్లందరినీ చుట్టూ చేర్చి వెక్కిరించమనేవాడు. మొదటి రోజు మా పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. నేను కొంగు బిగించి దెబ్బలాటకు వెళ్లాను. రాజమండ్రి నోరు నాది, ఊరుకుంటానా? ఆయన అంతా విని, "రేపు మ్యాచుల అవుతలోల్లు ఇంతకంటె ఎక్కువంటరు. మనోల్ల నోట్ల పడి అలవాటైతె ఆల్ల మాటలు చెవికెక్కయ్" అన్నాడు. ఆర్నెల్లు తిరిగేసరికి మా పిల్ల ఎవరేమన్నా బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, ఊపిరి వదిలి, నిదానంగా వేసేది. బడిలో పేరడిగితే తల దించుకునే పిల్ల లేచి నిలబడి జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. ఆ మార్పు తెచ్చింది నేను కాదు, నేను పనిచేసే బడీ కాదు.

ఆయన మొదటి శిష్యుడు విక్రమ్. రామంతాపూర్ పిల్లాడు. ఆట కోసం వచ్చి ఆయన ఇంట్లోనే అన్నం తిని పెరిగాడు. బిక్షపతి గారిని "మామా" అని పిలిచేవాడు. పెద్దయ్యాక ఆరు వారాల శిక్షణకు వెళ్లి కోచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. బిక్షపతి గారికి ఆ సర్టిఫికెట్ లేదు, ఫ్యాక్టరీలో అన్ని రోజులు సెలవు దొరకలేదు. దాంతో టోర్నమెంటు ఫారాల్లో కోచ్ అనే గడి దగ్గర చిక్కొచ్చేది, అక్కడ సర్టిఫికెట్ నంబరు కూడా వేయాలి. "విక్రమ్ పేరు రాయున్రి" అనేవాడు ఈయన. తొమ్మిదేళ్లు అలాగే జరిగింది. టీచర్ని కదా, దస్తూరీ బాగుంటుందని చివరి నాలుగేళ్లూ ఆ ఫారాలు నింపింది నేనే. మీ పేరు ఎక్కడా లేకపోతే ఎలాగండీ అని ఒకసారి అడిగాను కూడా.

"కాయితం ఆడుతదా మేడం? పోరగాల్లు ఆడుతరు" అన్నాడు.

నిరుడు ఒక ట్రస్టు వాళ్లు ఉప్పల్‌లో చెక్క నేలతో ఇండోర్ కోర్టు కట్టారు. హెడ్ కోచ్‌కి సర్టిఫికెట్ లేకపోయినా ఫర్వాలేదు, ఈ చుట్టుపక్కల పిల్లలకు ఏళ్లుగా నేర్పిన మనిషై ఉండాలి, ఆ సంగతి తల్లిదండ్రులు రాసివ్వాలి అన్నారు. బిక్షపతి గారి కోసమే పెట్టిన షరతులా ఉంది కదా. ఆయన మా గుమ్మంలోకి వచ్చి, తొలిసారి తన కోసం ఒకటి అడిగాడు. "నాలుగు ముక్కలు రాసియ్యాలె మేడం. రాత్రి షిఫ్టు ఇడుస్త. పానం సాతనైతలేదు." తప్పకుండా రాస్తానన్నాను.

రెండు రోజులకు విక్రమ్ వచ్చాడు, టైపు చేసిన కాగితంతో. మా అమ్మాయికి మొదటి నుంచి శిక్షణ ఇచ్చినది విక్రమ్ గారే అని అందులో ఉంది.

"ఇది అబద్ధం కదా విక్రమ్" అన్నాను.

"తొమ్మిదేండ్ల ఫారాలు గట్లనే ఉన్నయి గద ఆంటీ. అండ్ల నాలుగేండ్లయి మీరు రాసినయే." నవ్వాడు. "స్టేట్ టీం సెలక్షన్ క్యాంపుకు పేర్లు పంపేది హెడ్ కోచే. ప్రజ్ఞ పేరు నేను ఫస్టు పెడ్త. మామకు ఇంగ్లీషుల మెయిల్ రాయనీకి వస్తదా, మీరే చెప్పున్రి."

సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

హెడ్ కోచ్ ఎవరో తేల్చడానికి ఆదివారం ట్రస్టు వాళ్లు అందరినీ పిలిచారు. బిక్షపతి గారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ట్రస్టు పెద్ద గిరిప్రసాద్ గారు విక్రమ్ పేరున్న పద్నాలుగు ఉత్తరాలూ ఒక్కొక్కటే చదువుతుంటే మొదట బిక్షపతి గారికి అర్థం కాలేదు. నా పేరు వచ్చినప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

"బిక్షపతి గారు పొద్దున పూట మాకు సాయం చేసేవారు సార్" అన్నాడు విక్రమ్. మామ అనే మాట అక్కడితో పోయింది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో కళ్లారా చూశాను, తెప్పకు నిప్పు అందించిన చెయ్యి నాదే.

ఆయన లేచి మా వైపు తిరిగాడు. "ఒక్కలన్న చెప్పున్రి" అన్నాడు. పద్నాలుగు ఇళ్లవాళ్లం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. ఆయన వెళ్లిపోయాడు.

హెడ్ కోచ్ అయిన విక్రమ్ మాట నిలబెట్టుకున్నాడు, ప్రజ్ఞ పేరు క్యాంపుకు పంపాడు. కానీ ఉప్పల్ కోర్టులో చేరిన మూడు వారాలకే ఆ పిల్ల మొహం వేలాడేసింది. "అక్కడ బాల్ పడితే చప్పట్లు కొడతారమ్మా. పడకపోతే ఎందుకు పడలేదో ఎవరూ చెప్పరు. నేను సార్ దగ్గరికి వెళ్తాను" అంది. బిక్షపతి గారు మళ్లీ సిమెంటు కోర్టులోనే కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు నేర్పుతున్నాడు, రాత్రి షిఫ్టు దిగి వచ్చి. ఒక పొద్దున పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను.

"మళ్లీ చేర్చుకోండి. విక్రమ్ మీకు చేసింది ద్రోహమే..." అని మొదలుపెట్టాను.

"వాని ముచ్చట ఇడువున్రి. వాని పేరు రాయమన్నది నేను. అది నా తెలివితక్కువ." ప్రజ్ఞ వైపు తిరిగి, "బిడ్డా, నువ్వు జర ఆడ కూసో" అన్నాడు. పిల్ల దూరంగా వెళ్లాక నాతో నెమ్మదిగా అన్నాడు. "మీ బిడ్డకు నేను నేర్పలేదని మీరు సంతకం పెట్టిన్రు మేడం. ఇప్పుడు నేర్పమంటున్రు. ఆ కాయితం వాపస్ తీస్కోని రాన్రి. ఆ రోజే పిల్లను గీత మీద నిలబెడ్త."

సరేనన్నాను.

ట్రస్టు ఆఫీసు మా ఇంటికి బస్సులో పావుగంట దూరం. ఆ కాగితం వెనక్కి తీసుకుంటే క్యాంపుకు పంపిన పేర్లలోంచి విక్రమ్ ప్రజ్ఞ పేరు తీసేస్తాడు, ఎంపికైనవాళ్ల జాబితా ఇంకా రాలేదు. నెల దాటింది. బడికి వెళ్లేముందు షూ లేసులు కట్టుకుంటూ పిల్ల రోజూ అడుగుతోంది, "వెళ్లావా అమ్మా?" అని. జాబితా రానీ, చూద్దాం అంటున్నాను.