అచ్చాయమ్మకు అమెరికా గుడ్డ మీద అనుమానం

అచ్చాయమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చిందో, ఏళ్ళ తరబడి సంతలో చేపలు అమ్మి అమ్మి వచ్చిందో చెప్పడం కష్టం. తక్కెడ పట్టినవాడిని నమ్మదు, తక్కెడనూ నమ్మదు. రాజోలుకు దిగువన వశిష్ఠ గోదావరి గట్టు మీదున్న ఆ ఊళ్ళో ఎవరైనా మర్యాదకి "బాగున్నావా అచ్చాయమ్మా?" అని పలకరిస్తే, "ఎందుకడుగుతున్నావు?" అని ఎదురడిగే మనిషి. బస్సులో కండక్టరు టిక్కెట్టిస్తే రెండువైపులా తిప్పి చూస్తుంది. చదువు రాదు. అయినా చూస్తుంది. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. అచ్చాయమ్మ ఆ భూతాన్ని తరిమేయకుండా ఇంట్లో మనిషిలా సాకింది.

అలాంటి మనిషి ఇంటికి, ఎనభై ఏడో సంవత్సరం చలికాలంలో, అమెరికా గుడ్డ వచ్చి పడింది.

వచ్చినప్పుడు అది గుడ్డ కాదు, ఉత్త నూలు. మగవాళ్ళు వేటకు వెళ్ళాక ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు అరుగుల మీద చేరి కొంకి సూదితో లేసు అల్లుతారు. ఏజెంటు నూలు ఇచ్చి వెళతాడు, అల్లింది పట్టుకుపోతాడు. అది రేవు దాటి నరసాపురం పోతుంది, అక్కడినుంచి ఓడెక్కి పోతుంది. ఎక్కడికి పోతుంది, ఎవరికి పోతుంది అని అడిగిన ఆడమనిషి లేదు. అచ్చాయమ్మ సైతం అడగలేదు. అరచేతిలో పట్టే గుండ్రటి ముక్కల మీద ఏం అనుమానపడగలదు ఎవరైనా?

ఈసారి ఏజెంటు బుల్లబ్బాయి తెచ్చిన పని వేరు. అచ్చాయమ్మ కోడలు రాజ్యం అల్లిక ఊరందరి అల్లికలోకీ మెరుగు. అందుకని ఏరికోరి ఆ ఇంటికే వచ్చాడు.

"పెద్ద గుడ్డ పిన్నీ ఇది. మనిషి పొడవుంటాదండి. రాజ్యం ఒక్క చెయ్యే పడాలి. అచ్చం తెలుపు, అంచుకి కూడా రంగు దారం తగలకూడదని అమెరికావోళ్ళ ఆర్డరండి."

"దేనికంట?"

"బల్ల మీద పరుచుకుని అన్నాలు తింటారంటండి."

"చిల్లుల గుడ్డ మీదా? పులుసు కారిపోదూ?"

ఇన్నేళ్ళ వ్యాపారంలో బుల్లబ్బాయికి ఆ సందేహమే రాలేదు. "ఆయ్... ఆళ్ళు పులుసు తినరేమోనండి" అని గొణిగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అచ్చాయమ్మ మాత్రం అక్కడే నిలబడిపోయింది. మనిషి పొడవు, అచ్చం తెలుపు, అంచు లేదు. అంచు లేని కొత్త తెల్లగుడ్డ మనలో ఎవరి మీద కప్పుతారో చెప్పడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. పైగా ఆమె కళ్ళారా చూసిన సంగతి ఒకటుంది. రాజోల్లో పాస్టరుగారు పోయినప్పుడు పెట్టె మీద ఇలాంటి లేసుగుడ్డే కప్పి తీసుకువెళ్ళారు. తిండి మాట చెప్పి చావుగుడ్డ అల్లిస్తున్నాడు వీడు, అనుకుంది.

మరొకప్పుడైతే రెండు తిట్టి ఊరుకునేదేమో. కానీ రాజ్యానికి అప్పుడు అయిదో నెల.

రెండేళ్ళ కిందట ఇదే ఇంట్లో రాజ్యానికి తొలికాన్పయింది. తల్లి లేని పిల్ల కాబట్టి పుట్టింటికి పంపే దారి లేక పురుడు ఇక్కడే పోశారు. రెండు రోజులు నొప్పులు పడి, చివరికి తెలివి తప్పింది. మగబిడ్డ, చచ్చి పుట్టాడు. అలాంటి బిడ్డను తల్లికి చూపించకూడదని, చూస్తే కడుపు మళ్ళీ నిలవదని ఆ ఇళ్ళల్లో ఆచారం. ఏడవడం కూడా పనికిరాదు. ఏడిస్తే ఆ పోయినవాడు తల్లిని వదలక తిరుగుతాడట. రాజ్యానికి తెలివి వచ్చేలోపే అచ్చాయమ్మ బిడ్డను పాతగుడ్డలో చుట్టి కొడుకు గంగరాజు చేతికిచ్చింది. అతను తీసుకెళ్ళి ఇసకదిబ్బలో పెట్టి వచ్చాడు. ఆ తరవాత ఆ ఇంట్లో ఆ మాట లేదు. అసలు రాజ్యానికే మాట తగ్గిపోయింది. అడిగినదానికి ఆయ్ అంటుంది, చెప్పిన పని చేస్తుంది. ఆ మౌనం చూసినప్పుడల్లా అచ్చాయమ్మకు గుబులే. ఇది మనసులో ఏదో పెట్టుకుంది అనుకునేది. ఏం పెట్టుకుందో అడగడానికి మాత్రం, ఊరందరినీ నిలదీసే ఆ నోరు ఎందుకో పెగిలేది కాదు.

ఇప్పుడు మళ్ళీ కడుపు నిలిచింది. ఈ బిడ్డ దక్కాలి. దక్కకపోతే ఆ పిల్లా దక్కదు, ఈ ఇల్లూ నిలవదు. అటువంటిది ఆ ఒళ్ళోనే, పొట్టకి ఆనించుకుని, పొద్దస్తమానం చావుగుడ్డ అల్లుతుందా?

కొన్నాళ్ళు లోలోపలే నలిగి, చివరికి ఒకరోజు సగం అల్లిన గుడ్డను అచ్చాయమ్మ లాక్కుని మూట కట్టి, ఇంట్లో ఉంచడానికి కూడా భయపడి, బయట వలల పాకలో వేలాడదీసింది.

"సగం అయిపోయింది కదత్తా" అంది రాజ్యం.

"అది దేనికో తేలేదాకా నువ్వు సూది ముట్టుకోకు."

"ఎవరు తేలుస్తారు?"

సబబైన ప్రశ్నే. అమెరికా వాళ్ళు అన్నం తింటూండగా చూసొచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అచ్చాయమ్మ రాజోల్లో చేపలు అమ్ముకుని కాసేపు నీడకు చేరే మెట్లు గ్రంథాలయం మెట్లు. లైబ్రేరియన్ గౌరీశంకరంగారు అమాయకుడు, పుస్తకమంటే ప్రాణం పెట్టే మనిషి. మద్రాసులో ఒక అమెరికా గ్రంథాలయం ఉందని, వాళ్ళ దేశం చరిత్ర గురించి, ఆచారాల గురించి ఎవరు ఏమడిగినా కంప్యూటరులో వెతికి జవాబు పంపుతారని ఆయనకు ఎక్కడో తెలిసింది. ఆ ముక్క అట్టమీద రాసి గోడకు కట్టాడు. కట్టి ఏడాదైనా ఒక్కరూ ఏమీ అడగలేదు. రాజోలు వాళ్ళకు రొయ్యల ధర కావాలి గాని అమెరికా చరిత్ర ఎందుకు? అందువల్ల అచ్చాయమ్మ వచ్చి, "పంతులుగారూ, అమెరికావోళ్ళు చిల్లుల గుడ్డ దేనికి వాడతారో కనుక్కోగలరా?" అనేసరికి ఆయన ఆనందానికి హద్దు లేదు.

"తప్పకుండానండీ! కూర్చోండమ్మా."

"ఎవరు చెప్తారు?"

"కంప్యూటరండి. ఫోను తీగ ద్వారా అమెరికాలో పుస్తకాల వివరాలన్నీ ఉన్న పెద్ద యంత్రాన్ని ఇక్కణ్ణుంచే అడుగుతుందట."

"ఆ యంత్రానికి ఎవరు చెప్పేరు?"

"వాళ్ళేనండి, అమెరికా వాళ్ళే."

"ఆళ్ళ సంగతి ఆళ్ళనే అడిగితే నిజం చెప్తారా? నా చేప మెత్తబడిందని నేను చెప్తానా మీకు?"

శాకాహారి అయిన గౌరీశంకరంగారికి ఆ ఉపమానం అంత రుచించలేదు. అయినా ఓపిగ్గా చెప్పాడు. ఆ యంత్రానికి కథంతా చెబితే అర్థం కాదు, నాలుగైదు మాటలిస్తే ఆ మాటలున్న కాగితాలన్నీ ఏరి ఇస్తుంది. ఆయన రాసి చదివి వినిపించాడు. అమెరికా, లేసు గుడ్డ, భోజనాల బల్ల, ఆచారం.

"చావు రాయలేదేం?" అంది అచ్చాయమ్మ.

"అయ్యో, అదెందుకమ్మా?"

"మీరు బల్ల గురించి అడిగితే అది బల్ల గురించే చెబుతుంది. చావు గురించి అడక్కపోతే ఎందుకు చెబుతుందండీ? బుల్లబ్బాయీ అంతే చేసేడు. రాయండి. చావు అని రాయండి. పిల్లలు అని కూడా రాయండి."

శుభమా అని మొదటి ప్రశ్న పంపుతూంటే ఈ మాటలేమిటని ఆయనకు మనసొప్పలేదు. కానీ అచ్చాయమ్మ రాసేదాకా లేవలేదు. రాసినదాన్ని తీసుకుని, చదవడం రాకపోయినా, ముందు రాసినదానికంటే పెరిగిందా లేదా అని చూసి మరీ వెళ్ళింది.

జవాబు శివరాత్రి దాటాక గాని రాలేదు. ఈలోగా బుల్లబ్బాయి నాలుగైదుసార్లు తిరిగాడు. ఆర్డరు పోతుందని బతిమాలాడు, వేరే వాళ్ళకిస్తానని బెదిరించాడు. తొందరపడుతున్నాడంటే ఏదో ఉందన్నమాటే, అని అచ్చాయమ్మ మరింత బిగిసింది. రాజ్యానికి ఎనిమిదో నెల వచ్చింది. ఖాళీ చేతులతో అరుగు మీద కూర్చుని, వలల పాకవైపు చూస్తూ ఉండేది. గుడ్డకేసి చూస్తోందో, పాక వెనక ఇసకదిబ్బకేసి చూస్తోందో అచ్చాయమ్మకు తెలిసేది కాదు.

జవాబు వచ్చిందని కబురందుకుని అచ్చాయమ్మ బుట్ట కూడా ఎత్తుకోకుండా రాజోలు వెళ్ళింది. గౌరీశంకరంగారు లేచి కుర్చీ వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. చేపలమ్ముకునే తనకి ఇన్ని మర్యాదలు జరుగుతూంటే ఆమె మనసు అప్పుడే కీడు శంకించింది.

"మీ భయం ఉత్తదేనమ్మా. చూడండి" అంటూ ఆయన ఒక కాగితం పరిచాడు. అమెరికా ఇల్లు, పెద్ద బల్ల, దాని మీద లేసుగుడ్డ, చుట్టూ ముసలీ ముతకా పిల్లాజెల్లా కూర్చుని నవ్వుతున్నారు. "పంట చేతికొచ్చాక వాళ్ళకో పండగుందట. ఇంటిల్లిపాదీ కలిసి భోజనాలు చేస్తారట. ఇంట్లో ఉన్న మంచి గుడ్డ ఆ రోజుకి తీస్తారట. పళ్ళేలు వేరే ఉంటాయి కనుక పులుసు కారదండి."

అచ్చాయమ్మ బొమ్మ వంక చూడలేదు. కాగితం మూల వంక చూసింది. పిన్ను పీకేసిన చిరుగు ఉంది అక్కడ.

"దీంతో ఇంకో కాయితం కుట్టి ఉండాలే. అదేదండీ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి సొరుగు మీదికి పోయింది. కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంటికి అది ఎందుకని దాచాడు పాపం. ఇక తప్పక తీసి ఇచ్చాడు.

అది పాతకాలపు ఫోటోకు నకలు. అదీ బల్లే, అదీ లేసుగుడ్డే. గుడ్డ మీద పసిబిడ్డ, తల దువ్వి, బట్టలు తొడిగి, నిద్రపోతున్నట్టుగా ఉంది. పక్కన నల్లబట్టల్లో ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చెయ్యి బిడ్డ పాదం మీద ఉంది.

"నూరేళ్ళ కిందటి మాటండి. అప్పట్లో పిల్లలు పోతే ఇంట్లో ఉన్న మంచి గుడ్డ పరిచి పడుకోబెట్టి, ఫోటో తీయించుకునేవారట కొందరు. మరిచిపోకుండా ఉండడానికండి. ఇప్పుడు లేదట ఆ వాడుక."

"ఈవిడెవరు?"

"తల్లి అనుకుంటానండి."

"తల్లికి చూపించేవోరా?"

"చూపించడమేమిటమ్మా, ఆ బట్టలు తొడిగింది ఆవిడే అయి ఉంటుంది."

తన అనుమానం సగం నిజమైంది. మామూలుగా అయితే అచ్చాయమ్మ ఊరంతా టముకు వేసేది. ఆ రోజు ఆ చేతినే చూస్తూ కూర్చుంది. చూసిన తల్లికి ఏమీ కాలేదు. కుర్చీలో నిటారుగా కూర్చునే ఉంది. తన అత్త చెప్పిందని, ఆవిడకు ఆవిడ అత్త చెప్పిందని, లోకంలో దేన్నీ నమ్మని తాను, బిడ్డను చూపించకూడదన్న ఆ ఒక్క మాటను మాత్రం ఎందుకు నమ్మింది? బస్సులో ఇంటికి వస్తూ కండక్టరిచ్చిన టిక్కెట్టు వెనక్కి తిప్పి చూడలేదు.

ఇంటికి రాగానే వలల పాకలోంచి మూట తెచ్చి రాజ్యం పక్కన పెట్టింది.

"బల్లకేనంట. పండక్కి అందరూ కలిసి తినే బల్లకి."

రాజ్యం మూట ముట్టుకోలేదు. "అంతేనా? ఇంకేం చెప్పలేదా?"

దాచేద్దామని నోటి చివరిదాకా వచ్చింది అచ్చాయమ్మకు. దాచలేదు. "పూర్వం పిల్లలు పోతే దాని మీదే పడుకోబెట్టేవోరంట. బొమ్మ చూపించేరు పంతులుగారు. తల్లి పక్కనే కూర్చునుంది. కాలు పట్టుకుని."

రాజ్యం మూట మీద చెయ్యి వేసింది. తరవాత, రెండేళ్ళుగా మింగి కూర్చున్న మాట బయటికొచ్చింది.

"అత్తా, నా బిడ్డ ఏడిచేడా?"

అచ్చాయమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోడలి పక్కనే కూర్చుంది. బిడ్డ బతికి పుట్టాడేమో, వీళ్ళే ఏదో చేసి ఇసకలో పెట్టారేమో అని ఈ పిల్ల తన చేతి ముద్ద తింటూనే, తన చాప పక్కనే పడుకుంటూనే అనుకుంటోంది. ఊరంతటినీ అనుమానించిన అచ్చాయమ్మకు, తననూ ఒకరు అనుమానించవచ్చునని ఏనాడూ తోచలేదు. కోపం రావలసింది. రాలేదు. చూపించనిదాన్ని ఎలా నమ్ముతుంది, తనైతే నమ్మేదా?

"లేదే తల్లీ. ఏడవలేదు. తిరగేసి కొట్టేను, నోట్లో నోరు పెట్టి ఊదేను. ఏడిస్తే నీ ఒళ్ళో పెట్టనా?" అంది. రాజ్యం కళ్ళార్పకుండా చూస్తోంది. "జుట్టు నిండా ఉంది. నల్లటి జుట్టు. గెడ్డం నీదే. చేతులు పొడుగు, గంగరాజు చేతులే. గుప్పిట మూసుకుని ఉంది, తీద్దామంటే రాలేదు."

"ఇంకా చెప్పత్తా."

చెప్పింది. వేళ్ళెలా ఉన్నాయో, ఏ వైపుకి ఒత్తిగిల్లి ఉన్నాడో, ఏ గుడ్డలో చుట్టిందో అన్నీ చెప్పింది. చెబుతూండగా రాజ్యం ఏడుపు లంకించుకుంది. అది మామూలు ఏడుపు కాదు, శవం లేచిన ఇంటి ఏడుపు. అచ్చాయమ్మ కోడలి తల ఒళ్ళోకి తీసుకుని తానూ గొంతు కలిపింది.

అరుగుల మీద లేసు అల్లుకుంటున్న ఆడవాళ్ళంతా సూదులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. కడుపుతో ఉన్నది ఏడవకూడదని ఒకరు, వేటకెళ్ళిన గంగరాజుకేమైందని ఇంకొకరు, గుమ్మంలో గోల పెట్టారు.

"ఎవరికీ ఏం కాలేదు, వెళ్ళండి" అంది అచ్చాయమ్మ, కళ్ళు తుడుచుకోకుండానే. "మా పెద్దోడి కోసం ఏడుస్తున్నాం."